యాదగిరికి ఉత్తరం: పటిక నీళ్ళు, సాంబ మసూరి

నల్లగొండ

ప్రియమైన యాదగిరికి,

నీ ఉత్తరం అందింది. చెల్లెమ్మ, పిల్లలు క్షేమంగా ఉన్నారని తెలిసి సంతోషించాను. మీ చెల్లెలికి మోకాళ్ళ నొప్పి కాస్త నెమ్మదించింది. ఇక్కడ మేమంతా కులాసా.

నీవు చివర రాసిన మాట మాత్రం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. సర్కారు పరిశోధన సంస్థల మీద పెట్టే డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరని, అక్కడ కాగితాలు పుట్టడమే తప్ప మన ఊరికి వచ్చిందేమీ లేదని తేల్చిపారేశావు. ఇంకెవరైనా అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. నాతోపాటు మన చేదబావి నీళ్ళు తాగి పళ్ళకు గార పట్టించుకున్నవాడివి నీవే ఇలా అంటే జవాబు రాయక తప్పదు.

నాగపూర్‌లో నీరి అనే జాతీయ సంస్థ ఉంది. 1958లో ప్రజారోగ్య ఇంజనీరింగు పరిశోధన కోసం మొదలై, 1974లో పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థగా పేరు మార్చుకుంది. మన పళ్ళకు గార తెచ్చిన, నీటిలోని ఫ్లోరైడును తగ్గించే ఒక చవక పద్ధతిని 1970లలో అక్కడి శాస్త్రవేత్తలు రూపొందించి, దానికి మన జిల్లా పేరే పెట్టారు. ఆఫ్రికాలో ఇదే బాధ పడే దేశాల ఇంజనీర్లు సైతం దాన్ని ‘నల్లగొండ పద్ధతి’ అనే అంటారు. అది మనుషులుండే ఊరి పేరని వాళ్ళలో ఎందరికి తెలుసోనని నాకు అప్పుడప్పుడు నవ్వొస్తుంది.

మా ఇంట్లో ఆ బకెట్టు ఉండేది, నీకు గుర్తుందా? నలభై లీటర్లు పట్టేది. కుళాయి అడుగున కాకుండా మూడు వేళ్ళ ఎత్తున ఉండేది. బావి నీళ్ళు నింపి, సున్నపు తేట, చిటికెడు బ్లీచింగ్ పొడి వేసి, ఆ తర్వాత పటిక కరిగించిన నీళ్ళు పోసి, పది నిమిషాలు కర్రతో నిదానంగా తిప్పాలి. చూస్తూ ఉండగానే నీటిలో దూదిపింజల్లాంటి తునకలు లేచేవి. అవి ఫ్లోరైడును పట్టుకుని మెల్లగా అడుగుకు దిగేవి. గంటసేపు బకెట్టును కదిలించకూడదు. ఆ మడ్డి గ్లాసులోకి రాకుండా ఉండేందుకే కుళాయిని అంత ఎత్తున బిగించారు. ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడును బట్టి, క్షారాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఒక బావికి కుదిరిన కొలత పక్క బావికి కుదరదు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఓర్చుకోవచ్చని ప్రమాణం. ఆ కొలతలన్నీ మా అమ్మకేం తెలుసు! ‘దూప అయినోడు గంట సేపు ఆగుతడా కొడుకా?’ అని ఒక్క మాట అడిగేది. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు.

తర్వాత ఊరంతటికీ కలిపి సిమెంటు తొట్టి కట్టి, మోటారుతో తిరిగే తెడ్లు బిగించారు. ఒక అబ్బాయిని పనిలో పెట్టారు. అతనికి ఆరు నెలలు జీతం రాలేదు. పటిక బస్తాలు ఒకసారి వస్తే మరోసారి రావు. అడుగున పేరుకున్న మడ్డిని ఎక్కడ పోయాలో ఎవరూ చెప్పలేదు. ఏ ఆఫీసుది తప్పో ఇప్పుడు తవ్వి ప్రయోజనం లేదు. మూడేళ్ళు తిరగకుండానే ఆ తొట్టి నీడలో మేకలు పడుకునేవి.

ఇదంతా చదివి నీవు ‘నేనన్నదీ అదే కదా’ అంటావని తెలుసు. కాస్త ఆగు. పద్ధతి పనిచేయలేదని ఎవరూ అనలేదు. పటిక, సున్నం కిరాణా కొట్టులో దొరికే సరుకులు. వాటి మీద ఏ కంపెనీ పేటెంటు తీసుకుని లాభం చూసుకుంటుంది? లాభం లేని ఆ పరిశోధన ప్రజల డబ్బుతో నడిచే సంస్థ కాకపోతే ఇంకెవరూ చేసి ఉండరు. అయితే పద్ధతి కాగితం మీద ఊరిదాకా వచ్చింది. దాన్ని రోజూ తిప్పే చెయ్యి ఎవరిదో, దానికి కూలి ఎవరు ఇస్తారో ఆ కాగితంలో లేదు. సాంకేతిక బదిలీ అని పెద్దలు చెప్పుకునే పని ఆ చివరి ఆమడలోనే ఆగిపోయింది. మనకు చివరికి ఊరట తెచ్చింది పైపుల్లో వచ్చిన కృష్ణ నీళ్ళేనని నేనూ ఒప్పుకుంటాను.

ఇప్పుడు ఆ చివరి ఆమడ దాటిన సంగతి చెబుతాను. మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద మా చిన్న బావమరిదికి నాలుగెకరాల మడి ఉంది. 1986లో బాపట్ల పరిశోధన స్థానం నుంచి విడుదలైన వరి రకం సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, ఆ ఆయకట్టుకు ప్రాణం. సన్న గింజ, మిల్లులో మంచి ధర, అన్నం మల్లెపూవులా ఉంటుంది; కానీ గాలివాన కొట్టిందంటే బాక్టీరియా ఎండాకు తెగులు తగులుకునేది. ఆకు కొన నుంచి అంచుల వెంట అలలు అలలుగా గడ్డి రంగుకు తిరిగేది. ఒక ఏడాది బావమరిది ఒక ఆకును కోసి గాజుగ్లాసులో నీళ్ళు పోసి నిలబెట్టాడు. కాసేపటికి కోసిన చోటు నుంచి పాలలాంటి తీగ ఒకటి నీటిలోకి జారింది. అదంతా బాక్టీరియానే. మందుల దుకాణంవాడు ఏది ఇస్తే అది కొట్టారు కానీ, ఆ తెగులు మందుకు లొంగే రకం కాదు.

హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి ఈ చిక్కును పట్టుకున్నాయి. తెగులును తట్టుకునే మూడు జన్యువులున్న వరిని సాంబ మసూరితో సంకరం చేసి, ఆ సంతానాన్ని మళ్ళీ మళ్ళీ సాంబ మసూరితోనే కలుపుతూ పోయారు. ఆ మూడు జన్యువుల్లో ఒకటి ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. ప్రతి తరంలోనూ నారు దశలోనే చిన్న ఆకు ముక్క తీసి, అందులో ఆ జన్యువులున్నాయో లేదో డీఎన్‌ఏ గుర్తులతో చూసి, ఉన్న మొక్కనే ముందుకు తీసుకెళ్ళారు. ఇది జన్యుమార్పిడి పంట కాదు; పాత సంకరమే, చూపు మాత్రం కొత్తది. 2008లో ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ విడుదలైంది. గింజ, వంట, మిల్లు ధర పాతవే. తెగులుకు లొంగకపోవడమే కొత్త గుణం. రైతు అలవాటును, మిల్లరు మొహాన్ని చూసి చేసిన పరిశోధన అంటే ఇదీ అని నా అభిప్రాయం.

తేడా ఎక్కడుందో చూశావా? బకెట్టుకు రోజూ మనిషి కావాలి. విత్తనంలో మాత్రం పరిశోధన మొత్తం గింజ లోపలే ఉంటుంది. బావమరిదికి జన్యువుల పేర్లు తెలియకపోయినా పైరు తెగులును తట్టుకుంటుంది. పైగా వరి తన పుప్పొడితో తానే గింజ కడుతుంది కాబట్టి ఈ ఏటి పంటలోంచే వచ్చే ఏటికి విత్తనం దాచుకోవచ్చు. రైతు తన విత్తనాన్ని దాచుకోవడానికి, బ్రాండు పేరు లేకుండా ఇరుగుపొరుగుకు అమ్ముకోవడానికి 2001 నాటి చట్టం హక్కు ఇచ్చింది. ఇదే సుగుణం వల్ల ప్రైవేటు విత్తన వ్యాపారికి ఇలాంటి రకాల మీద ఆసక్తి తక్కువ. దుకాణంలో దీన్ని ఎవరూ గట్టిగా చెప్పి అమ్మరు. చూడటానికి పాత సాంబలాగే ఉంటుంది కనుక రైతూ అడగడు. శాస్త్రవేత్తలు ఇచ్చే కొద్దిపాటి బ్రీడర్ విత్తనం నుంచి ఫౌండేషన్ విత్తనం, దాని నుంచి రైతుకు అమ్మే సర్టిఫైడ్ విత్తనం తయారై మండలానికి చేరేలోపు సీజను దాటిపోవడమూ ఉంది. బావమరిదికి ఆ విత్తనం తెలిసిన రైతు ఒకరు ఇచ్చారు.

మహబూబ్‌నగర్ వైపు సంగతి కొంచెం వేరు. పాలెం పరిశోధన స్థానం వాళ్ళ ఆముదాలు, కందులు చల్క నేలల్లో బాగానే పాకాయి. పటాన్‌చెరు ఇక్రిశాట్ అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థే అయినా, వాళ్ళు చేసిన హైబ్రిడ్ కందికి మన పాలమూరు కొండ పేరుతో ‘మన్నెంకొండ కంది’ అని పెట్టారు. కానీ హైబ్రిడ్ అన్నాక ఏటా కొత్త విత్తనం కొనాలి. ఆ విత్తనం తయారు కావాలంటే మగ, ఆడ వరుసలు పక్కపక్కన నాటి, మిగతా కంది చేలకు దూరంగా పెంచి, తేనెటీగల మీద ఆధారపడాలి. మళ్ళీ ఆ చివరి ఆమడే అడ్డు.

ఇంకొక దారి ఉంది, క్లుప్తంగా రాస్తాను. హైదరాబాదులోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ వాళ్ళు ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీకి చవక తయారీ విధానం కనిపెట్టి మందుల కంపెనీ సిప్లాకు ఇచ్చారు. కొనే కంపెనీ ముందే సిద్ధంగా ఉంది కాబట్టి బదిలీ చకచకా జరిగింది. అప్పట్లో మన పేటెంటు చట్టం మందుకు కాకుండా తయారీ విధానానికే పేటెంటు ఇచ్చేది కనుక, కొత్త దారి కనిపెట్టిన ప్రయోగశాలకు విలువ ఉండేది.

సంక్రాంతికి నీవు వచ్చినప్పుడు మిర్యాలగూడ తీసుకెళ్తాను. బావమరిది గట్టు మీద నిలబడి పాత సాంబ మడి ఏదో, కొత్తది ఏదో చెప్పు చూద్దాం. నేను రెండుసార్లు ఓడిపోయాను.

నీ
నర్సింహ