బుధవారం, గురువారం ఏమయ్యాయి?

నల్లకుంట,
హైదరాబాద్

చి. సుధకి, అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న షుగర్ అదుపులోనే ఉంది, చెప్పిన మాట వింటే ఇంకాస్త అదుపులో ఉండేది. మార్కెట్లోకి చిక్కుడుకాయలు వచ్చాయి. పై వాటా వాళ్లు ఖాళీ చేశారు. టులెట్ బోర్డు చూసి వచ్చేవాళ్లందరూ పార్కింగ్ గురించే అడుగుతున్నారు, నీళ్ల గురించి ఒక్కరూ అడగరు.

పాడేరు కొండల నుంచి నువ్వు రాసిన వారం రోజుల కబుర్ల ఉత్తరం అందింది. ఆ తర్వాత ఫోన్ లేదు, మెసేజ్ లేదు. సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలని తెలుసు, అందుకని నేనేం కంగారు పడటం లేదు. పార్సిల్ ఎలాగూ పంపుతున్నాం కదా, అందులో నాలుగు ముక్కలు రాసి పెడదామని కూర్చున్నాను.

ఉత్తరం చాలా బాగుంది. సోమవారం ఆడవాళ్లతో కలిసి కాఫీ పళ్లు కోయడం, ఎర్రగా పండినవే కోయాలని వాళ్లు నీ బుట్టలోంచి పచ్చివి ఏరి పారేసి నవ్వడం నాన్న రెండుసార్లు చదివించుకున్నారు. మంగళవారం, కోసిన పళ్లు కోసినట్టే తొక్క తీయకపోతే పులిసిపోతాయని రాత్రి దాకా మిషన్ తిప్పారన్నావు. వాన చినుకులు పడితే ఆరబోసిన గింజల మీద పట్టాలు కప్పడానికి ఊరు ఊరంతా పరిగెత్తిందన్నావు. నీ తల మీద ఏం కప్పుకున్నావో రాయలేదు. ఆ తర్వాత ఏకంగా శుక్రవారం సంత. పసుపు, పిప్పళ్లు, రాజ్మా, కొండచీపుర్లు మోసుకుని తెల్లారకముందే కొండ దిగే ఆడవాళ్లు, కింది నుంచి ఉప్పు, ఎండుచేపలు తెచ్చే షావుకార్లు, తూకం దగ్గర నువ్వు పెట్టుకున్న గొడవ. తూకాల గొడవల్లో నువ్వు తలదూర్చకు. శనివారం గోడలకి ఎర్రమట్టి అలకడం, ఆదివారం పెళ్లిలో థింసా నాట్యం. అంతా బాగుంది.

మధ్యలో బుధవారం, గురువారం ఏమయ్యాయే?

ఏమీ జరగలేదు, అందుకే రాయలేదు అంటావు. అలాగే అనుకున్నాను. కానీ మొన్న శంకర మఠంలో పద్మ పిన్ని కనిపించి, ‘సుధకి ఎలా ఉంది, తగ్గిందా?’ అంది. ఏం తగ్గాలి అన్నాను. వాళ్ల శేషు ఆఫీసు పని మీద విశాఖ వెళ్లాడట, అక్కడెవరో మీ కాఫీ వాళ్ల తాలూకు కుర్రాడు కలిసి, మేడమ్‌ని జీపులో పాడేరు ఆస్పత్రికి తీసుకెళ్లారని చెప్పాడట. పద్మ సంగతి తెలుసుగా, కిందటేడు మీ నాన్నకి తుమ్ములొస్తే బైపాస్ దాకా తీసుకెళ్లింది. నేను నమ్మలేదు.

నాన్న మాత్రం ఇంటికొచ్చినవాళ్లందరికీ నువ్వు పంపిన పొడితో కాఫీ ఇచ్చి, అరకు కాఫీకి 2019లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకన్న గుర్తింపు వచ్చిందని ఉపన్యాసం ఇస్తున్నారు. చికోరీ లేకపోతే మిరియాల్లేని చారులా ఉందని వంటింట్లో నాతో అంటారు. ఆ మాట వాళ్ల ముందు అనరు.

నీకు మీ తాతయ్య గేదె సంగతి ఎప్పుడైనా చెప్పానా? చింతపల్లి వైపు తాతయ్య బడిపంతులుగా ఉన్నప్పుడు మేం నర్సీపట్నంలో ఉండేవాళ్లం. వారం వారం కార్డు వచ్చేది. ‘ఇచ్చట క్షేమం, అచ్చట క్షేమమని తలుస్తాను’ అని మొదలెట్టి, చివర్లో తప్పకుండా ‘గేదె ఎలా ఉన్నది?’ అని అడిగేవాడు. మా గురించి అడిగినా అడక్కపోయినా గేదె గురించి అడిగేవాడు. ఒక వారం కార్డు వచ్చింది. క్షేమం ఉంది, గేదె లేదు. అమ్మమ్మ ఆ కార్డు తిప్పి తిప్పి చూసి, గేదెని పక్కింటి సూరమ్మకి అప్పజెప్పి, బియ్యం మూట, ఆవకాయ జాడీ, నన్ను తీసుకుని బస్సెక్కేసింది. డౌనూరు దాటాక ఘాట్‌లో వెదురు లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయింది. మగవాళ్లందరూ దిగి బీడీలు కాలుస్తూ కూర్చున్నారు. అమ్మమ్మ కూర్చోలేదు. నడుస్తానంది. చీకటి పడుతుందని కండక్టరు ఎంత చెప్పినా వినలేదు. దారిలో సంత నుంచి ఇంటికి పోతున్న ఒకావిడ, ఏ ఊరో ఏమో, ఆవిడ మాట మాకు సగమే అర్థమయ్యేది, మారు మాట్లాడకుండా మూట తీసి తన నెత్తిన పెట్టుకుంది. జాడీ మాత్రం అమ్మమ్మ ఇవ్వలేదు. లంబసింగి దగ్గర చలికి నా చెవులు నొప్పెట్టాయి, ఇప్పటికీ గుర్తు. అక్కడ మళ్లీ ఆ బస్సే వెనక నుంచి వచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది, కండక్టరు ఏమీ అనలేదు. తెల్లారి తాతయ్య ఇంటికి చేరేసరికి ఆయన ఎండలో రెండు రగ్గులు కప్పుకుని, పళ్లు టకటకలాడుతుంటే పిల్లల పుస్తకాలు దిద్దుతున్నాడు. మమ్మల్ని చూసి మొదట అన్న మాట, ‘గేదెనెవరికి అప్పజెప్పి వచ్చావు?’ అని.

చలిజ్వరం, అదే మలేరియా. దానికి క్వినైన్ వేసుకుంటే చెవుల్లో హోరు పెడుతుంది. అమ్మమ్మ తిట్టిందంతా తాతయ్యకి వినపడలేదట. నిజంగా వినపడలేదో, వినపడనట్టు ఊరుకున్నాడో తెలీదు.

ఊరికే గుర్తొచ్చింది, రాశాను.

చలికాలంలో దోమలెక్కడివమ్మా అనకు. మీ ఊరి చుట్టూ వాగులే. ఆ మలేరియా దోమ మురుగులో కాదు, పారే మంచినీళ్ల అంచుల్లో పెరుగుతుంది. కుట్టేది రాత్రిళ్లు. నాకెలా తెలుసంటావా, మన పక్కనున్న ఫీవరాస్పత్రికి రోనాల్డ్ రాస్ పేరు ఊరికే పెట్టలేదు. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన చూసింది మన బేగంపేటలోనే. అంత ఊళ్లో పుట్టి పెరిగి దోమతెర కట్టుకోకుండా పడుకున్నావంటే నేనేమనాలి? కట్టుకోవడమంటే తల మీద వేలాడదీయడం కాదు, అంచులు పరుపు కిందికి దోపాలి. వణుకు వస్తే రక్త పరీక్ష చేయించుకోవాలి, కొట్టువాడిచ్చిన బిళ్ల మింగి పడుకోకూడదు. జ్వరం దిగింది కదా అని మందులు మధ్యలో మానేయకూడదు. మలేరియాలో వైవాక్స్ అనే రకమైతే కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తుందట. దానికి 14 రోజులు ప్రైమాక్విన్ అనే మందు రాస్తారు, అదీ డాక్టరు పరీక్ష చేయించాకే. ఇదంతా నీకు జ్వరం వచ్చిందని కాదు. జాగ్రత్తగా ఉంటావని.

ఉద్యోగం మానేసి వచ్చేయమని నేను అనడం లేదు. లక్ష్మత్త అంటోంది. ఆవిడకి కొండ అంటే యాదగిరిగుట్టే.

పార్సిల్లో రెండు దోమతెరలు పెట్టాను, ఒకటి నీ పక్క గది అమ్మాయికి. నువ్వు రెండూ ఎవరికో ఇచ్చేస్తావని తెలుసు, అందుకే నీ దానికి అంచున ఎర్ర దారంతో కుట్టాను. స్వెట్టర్ నీలం రంగుది, పాతదే, మోచేతుల దగ్గర బాగు చేయించాను. గోంగూర, ఉసిరి ఆవకాయ, సున్నుండలు. థర్మామీటరు డబ్బాలో బ్యాటరీ వేసే ఉంది. చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగుతున్నానన్నావు, మంచిదే, మజ్జిగ కలుపుకో. నీళ్లు కాచి తాగు.

బుధ, గురువారాల్లో ఏం తిన్నావు, ఎక్కడ పడుకున్నావు, అది రాయి చాలు. ఆస్పత్రికి వెళ్లి ఉంటే రిపోర్టు ఫొటో పంపు. ‘బాగానే ఉన్నా’ అనే మెసేజ్ వద్దు, రిపోర్టు కావాలి. నాన్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు చూసి పెట్టారు. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి విశాఖ, అక్కడి నుంచి పాడేరు బస్సు. నువ్వు ఫోన్ చేసి వద్దంటేనే మానుకుంటాం. గుట్ట ఎక్కేటప్పుడు చెప్పులు కాదు, బూట్లు వేసుకో.

ఇట్లు,
అమ్మ

టులెట్ బోర్డు మీద నీ పాత నంబరే ఉంది. ఇల్లు కావాలని ఎవరైనా ఫోన్ చేస్తే నాన్న నంబరివ్వు. మాంసాహారులైనా పర్వాలేదని చెప్పు, కుక్క మాత్రం వద్దు.