సైటేషన్ల సగటు ఒక్కటే చెబితే సరిపోదు

సంపాదకులకు,

ర్యాంకులు వెలువడినప్పుడల్లా ఫలానా వైద్య విశ్వవిద్యాలయానికి ఇన్ని పరిశోధన పత్రాలు, ఇన్ని సైటేషన్లు (వేరే పత్రాలు వాటిని ఉదహరించిన సార్లు) అని మొత్తాలు మాత్రమే వార్తల్లో వస్తాయి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ (విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ర్యాంకులు) వైద్య విభాగంలో నూటికి 30 పాళ్లు పరిశోధనకే. పత్రాల సంఖ్యను, సైటేషన్లను స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే పరిశోధన పత్రాల డేటాబేస్‌ల నుంచి తీసుకుంటారు. తప్పు మొదలయ్యేదీ అక్కడే.

తిరుపతిలో స్విమ్స్ (శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ), ఎస్వీ వైద్య కళాశాల, ఎస్వీ విశ్వవిద్యాలయం, ఎస్వీ పశువైద్య విశ్వవిద్యాలయం అన్నీ స్వామివారి పేరు పెట్టుకున్నవే. రచయిత చిరునామాలో ఏం రాస్తే దాన్నిబట్టే పత్రం ఒక సంస్థ ఖాతాలో పడుతుంది. ఒకరు పొట్టి పేరు, ఇంకొకరు పూర్తి పేరు, మరొకరు విభాగం పేరూ ఊరూ రాసి వదిలేస్తే ఒకే ఆసుపత్రిలో జరిగిన పని ముక్కలైపోతుంది. శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాల స్విమ్స్‌లో భాగమే. చిరునామాలో కళాశాల పేరొక్కటే ఉంటే ఆ పత్రం స్విమ్స్ లెక్కకు రాకపోవచ్చు. దీనికి తోడు మన ఇంటిపేర్లు, పొడి అక్షరాలు. ‘కె. రెడ్డి’ అని అచ్చయితే ఎవరి పత్రం ఎవరిదో కంప్యూటర్‌కు తెలియదు. ప్రతి పరిశోధకుడినీ విడిగా గుర్తించే 16 అంకెల ఆర్కిడ్ సంఖ్య ఉచితంగా వస్తుంది. పీజీ విద్యార్థులు థీసిస్ అంశం నమోదు చేసే రోజే దాన్ని తీయించాలి.

ఇక సగటు సంగతి. పది పత్రాల్లో తొమ్మిదింటికి తలా 4 సైటేషన్లు, ఒకదానికి 964 వచ్చాయనుకుందాం. సగటు 100. మధ్యగతం (వరుసలో పేర్చితే నడిమి విలువ) 4, హెచ్-సూచిక (కనీసం అన్నేసి సైటేషన్లు వచ్చిన పత్రాల సంఖ్య) కూడా 4. ఆ పదోది చాలాసార్లు ప్రపంచ వ్యాధిభారం అంచనాల వంటి, వందలమంది రచయితలున్న పత్రమై ఉంటుంది. అందులో పాలుపంచుకోవడం గౌరవమే, కానీ ఇక్కడి వార్డుల్లో, ల్యాబుల్లో జరిగిన పరిశోధన ఎంతో అది చెప్పదు. చిత్తూరు జిల్లా పల్లెల్లో పాముకాటు మీదో, స్క్రబ్ టైఫస్ అనే పురుగుకాటు జ్వరం మీదో చేసిన అధ్యయనానికి సైటేషన్లు కొద్దిగానే రావచ్చు. దాన్ని చదివి పీహెచ్‌సీ డాక్టరు చికిత్స మార్చుకుంటే ఆ మేలు ఏ డేటాబేస్‌లోనూ నమోదు కాదు. క్యాన్సర్ పత్రానికి వచ్చినన్ని సైటేషన్లు ఫోరెన్సిక్ పత్రానికి రావు కాబట్టి విభాగాలను ఒకే కొలతతో కొలవడం అన్యాయం.

మన వైద్య విశ్వవిద్యాలయాలు ఏటా పత్రాల పూర్తి జాబితాను వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో మొదటి రచయిత గానీ, ఉత్తరప్రత్యుత్తరాలకు బాధ్యుడైన రచయిత గానీ తమవారైన పత్రాలను వేరుగా చూపాలి. సొంత సైటేషన్లు (తమ పత్రాలను తామే ఉదహరించుకున్నవి) తీసేసిన సంఖ్య, విభాగాలవారీ మధ్యగతం, ఉపసంహరించిన (అచ్చయ్యాక వెనక్కి తీసుకున్న) పత్రాలు కూడా అక్కడే ఉండాలి. 2025 నుంచి ఉపసంహరణలకు ఎన్‌ఐఆర్‌ఎఫ్ మార్కులు కోస్తోంది. దాచి లాభం లేదు. చిరునామా ఎలా రాయాలో ఒకే వాక్యంగా ఖరారు చేసి, ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రంలోనే అచ్చు వేయిస్తే అధ్యాపకులు వెతుక్కోనక్కర్లేదు. పాత పత్రాల్లోని తప్పులు దిద్దమని డేటాబేస్ నిర్వాహకులను కోరే వీలుంది. ఆ పని లైబ్రరీలో ఒక ఉద్యోగికి ప్రత్యేకంగా అప్పగించాలి.

– వైద్య గ్రంథాలయ ఉద్యోగులు, తిరుపతి