మా బడికి రెండో టీచరును ఎప్పుడు పంపుతారు సారూ?

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నల్గొండ జిల్లా దేవరకొండ వైపు ఒక ఊరి నుంచి నమస్కారాలు. కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో మూడు సోమవారాలు లైన్లో నిలబడి ఇచ్చిన దరఖాస్తుల రశీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. అడిగినప్పుడల్లా 'పరిశీలనలో ఉంది' అంటున్నారు. పరిశీలించేది ఎవరో తెలియక మీకే రాస్తున్నాను.

నా మనవడు, మనవరాలు ఇద్దరూ రెండో తరగతే. కూతురి కొడుకు డాలస్‌లో, కొడుకు బిడ్డ ఇక్కడ. మొన్న ఆరు నెలలు అమెరికాలో ఉండి వచ్చాను. వాడిదీ సర్కారు బడే, ఫీజు లేదు. పసుపు బస్సు వీధిలో ఆగి 'స్టాప్' బోర్డు చాపితే ఎదురుగా వచ్చే కారు కూడా ఆగాల్సిందే. ఆ బస్సులు, ఆ భవనాలు నేను అడగను. కానీ నాలుగో తరగతి దాకా గదికి 22 మంది మించొద్దని డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో చట్టం ఉంది. టీచరు సెలవు పెడితే ఆ రోజుకు ఇంకొకరిని పెడతారు. నా కడుపు మండింది అక్కడే.

మా బడిలో 34 మంది, ఐదు తరగతులు, ఒక్క సారు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి పిల్లలు భాగహారం మధ్యలో ఆగి గోడలు చూస్తుంటారు. ఈలోపు ఫోన్‌లో హాజరు ఎక్కించాలి. సిగ్నల్ కోసం వేపచెట్టు కిందికి పోవాలి. గుడ్లు వచ్చాయా, బియ్యం సరిపోతాయా చూసుకోవాలి. చుట్టుపక్కల బడుల సార్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్ ఉంటే బడికి తాళం. సారుకు జ్వరమొస్తే తాళం. 2024 నవంబరులో కుటుంబ సర్వే అని సార్లను ఇంటింటికీ తిప్పారు, బడి ఒక పూటే నడిచింది. మా ఇంటికొచ్చి 'పిల్ల చదువుతోందా' అని రాసుకున్నది ఆ పిల్లకు చదువు చెప్పాల్సిన సారే!

60 మంది లోపున్నా ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. మీకు తెలియదని కాదు. రెండో పోస్టు మాకూ ఉంది, కాగితం మీద. ఆ పోస్టులోని మేడం డిప్యుటేషన్ మీద వేరే చోటికి పోయి రెండేళ్లయింది. టీచర్లను తీసుకునే 2024 డీఎస్సీలో 11,062 పోస్టులని పేపర్లో చదివి ఒకటైనా మా వైపు రాకపోతుందా అని ఎదురుచూశాం. ఈ ఏడాది తొమ్మిది మంది ప్రైవేటు బడి వ్యాను ఎక్కారు. రేపు పిల్లలు లేరని బడి మూసేది కూడా మీరే కదా?

అమెరికాలో అంతా బంగారమని అనను. తుపాకీతో ఎవడైనా వస్తే ఎట్లా దాక్కోవాలో మా మనవడికి బడిలోనే నేర్పుతారు, లైట్లు ఆర్పి మూలన కూర్చోబెట్టి. అది విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. మా పిల్లకు ఆ భయం లేదు, చెరువు గట్టంతా తనదే. కానీ పుస్తకం ఇస్తే రెండు లైన్లు తప్పు లేకుండా చదవలేదు.

మొన్న వీడియో కాల్‌లో "ఇవాళ మాకు బడి లేదు" అని ఇది గంతులేసింది. "ఏం పండగ?" అన్నాడు వాడు. "పండగ కాదు, సారు మీటింగ్‌కు పోయిండు."

దయచేసి ఆ మేడాన్నయినా వెనక్కి పంపండి, లేకుంటే ఒక విద్యా వాలంటీరునైనా ఇవ్వండి. దసరా సెలవుల లోపు ఇస్తే మీకు దండం పెడతాను. నాలుగో రశీదు మాత్రం వద్దు.

ఇట్లు,
రెండో తరగతి పిల్ల తాత