కొండ మీద ఉప్మాకు కట్టెల మంట ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

చలికాలం వచ్చిందంటే లంబసింగి, వంజంగి, అరకు, మారేడుమిల్లి వైపు గుడారాలు వేసుకుని రాత్రి గడపడానికి వెళ్లేవారి గురించి పత్రికలు విరివిగా రాస్తున్నాయి. ఏ దారిన వెళ్లాలో, మేఘాలు ఏ వేళకు కనిపిస్తాయో, చలికి ఏం కప్పుకోవాలో వివరంగా చెబుతున్నాయి. అయితే రాత్రంతా గుడారంలో వణికిన నలుగురు మనుషులు తెల్లవారాక ఏం తినాలి, దాన్ని ఎక్కడ, ఏ నిప్పు మీద వండుకోవాలి అన్న సంగతిని మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. దాంతో కొందరు చెట్ల కొమ్మలు విరిచి మూడు రాళ్ల పొయ్యి పెడుతున్నారు, మరికొందరు కప్పుల్లో నూడుల్స్ నానబెట్టుకుని తిని ఆ కప్పులను అక్కడే వదిలి వస్తున్నారు. ఈ రెండూ అక్కరలేని సులువైన పద్ధతి మన వంటిళ్లలోనే ఉందని మీ పాఠకులకు తెలియజేయడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఆ పద్ధతి ఉప్మా. పేరు వినగానే ముఖం ముడుచుకునేవారు ప్రతి ఇంట్లోనూ ఉంటారని నాకు తెలుసు; అయినా ఆరుబయట వండుకునే ఉదయపు తిండికి దానికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. బయలుదేరే ముందు రోజు ఇంట్లోనే నూనె కాచి, ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, జీడిపప్పు పోపు పెట్టి, కరివేపాకును చేత్తో నలిపితే పొడి అయ్యేంతగా వేయించి, అందులోనే బొంబాయి రవ్వ పోసి సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేపుకోవాలి. ఉప్పు కూడా అప్పుడే కొలిచి కలిపేస్తే కొండ మీద చీకట్లో తడుముకునే పని ఉండదు. రవ్వ పూర్తిగా చల్లారాకే మూత గట్టిగా పట్టే డబ్బాలో పోయాలి, ఎందుకంటే వేడి మీద మూత పెడితే ఆవిరి పట్టి ఉండలు కడుతుంది. ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి తడి కలిగినవి కనుక వాటిని ఆ డబ్బాలో వేయకుండా విడిగా తీసుకెళ్లడమే మంచిది. ఇక కొండ మీద చేయవలసిందల్లా గ్లాసు రవ్వకు మూడు గ్లాసుల చొప్పున నీళ్లు తెర్లనిచ్చి, ఒక చేత్తో రవ్వను సన్నగా పోస్తూ రెండో చేత్తో కలిపి, దగ్గర పడగానే మూత పెట్టి పొయ్యి ఆర్పేయడం. ఆ వేడికే ఐదు నిమిషాల్లో మగ్గిపోతుంది. పైన ఒక చెంచా నెయ్యి, పక్కన కాస్త ఆవకాయ ఉంటే ఇంకేమైనా కావాలని అడిగేవారు ఎవరూ ఉండరు.

పొంగలి చేసుకోవచ్చు కదా, పప్పన్నం వండుకోవచ్చు కదా అనేవారు ఎత్తు సంగతి గుర్తుంచుకోవాలి. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు నీరు మరిగే ఉష్ణోగ్రత సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. లంబసింగి సముద్ర మట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూడు డిగ్రీలే కదా అనిపిస్తుంది గాని, పప్పు మెత్తబడడానికి పట్టే సమయం ఆ మేరకు పెరుగుతుంది, చల్లగాలికి గిన్నెలోని వేడి కూడా నిలవదు, మనం తీసుకెళ్లిన కొద్దిపాటి గ్యాస్ అంతా దానికే ఖర్చవుతుంది. ఇంట్లో వేయించిన రవ్వకు ఆ బాధ లేదు. ఇడ్లీ, దోసె పిండి తీసుకెళ్లే ఉత్సాహవంతులు కూడా ఉన్నారు. ఆ చలికి పిండి పులవదు, ఇంట్లో పులిసినది తీసుకెళితే దారిలో పొంగి సంచి పాలవుతుంది.

పొయ్యి విషయంలో కొంత వివరంగా చెప్పక తప్పదు. చేతిలో పట్టే గ్యాస్ డబ్బాతో వెలిగే చిన్న పొయ్యిలు ఇప్పుడు పట్టణాల్లో సులభంగా దొరుకుతున్నాయి. వీటిలో చాలావరకు వాడే బ్యూటేన్ సున్నా డిగ్రీల సమీపంలో వాయువుగా మారడం దాదాపు మానేస్తుంది, కాబట్టి ఏజెన్సీ చలిలో తెల్లవారుజామున మంట నీరసంగా వస్తే పొయ్యి పాడైందని కంగారు పడనక్కరలేదు. పొయ్యి నుంచి విడదీసిన డబ్బాను రాత్రి రగ్గుల మధ్య ఉంచుకుంటే చాలు. దాన్ని నిప్పు దగ్గర పెట్టి వేడి చేసే ప్రయత్నం మాత్రం ప్రాణాంతకం. డబ్బా పక్కనే అమరే బల్లపరుపు పొయ్యిల మీద, డబ్బా గది పైకి వచ్చేంత పెద్ద పెనం పెట్టకూడదు, గాలి అడ్డు కోసం చుట్టూ రేకు బిగించకూడదు. ఆ వేడి తిరిగి డబ్బాకే తగిలి పేలే ప్రమాదం ఉంది. అన్నిటికంటే ముఖ్యమైనది, చలిగా ఉందని పొయ్యిని గాని బొగ్గుల కుంపటిని గాని గుడారం లోపలికి తేకూడదు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు, వాసన లేవు, నిద్రలో ఉన్నవారికి అది తెలిసే అవకాశమే లేదు.

విశాఖ నుంచి కిరండూల్ రైల్లో అరకు వెళ్లేవారు ఈ పొయ్యిల జోలికే పోకూడదు. రైల్లో గ్యాస్ వంటి ప్రమాదకర వస్తువులు తీసుకెళ్లడం 1989 నాటి రైల్వే చట్టం కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం. 2023 ఆగస్టు 26న మదురై స్టేషన్ దగ్గర నిలిపి ఉన్న యాత్రికుల బోగీలో, దొంగచాటుగా తెచ్చుకున్న సిలిండర్ మీద తెల్లవారుజామున టీ కాచబోగా మంటలు లేచి 9 మంది చనిపోయిన సంగతి మరువరానిది. అలా వెళ్లేవారికి అటుకులున్నాయి. కడిగి నీళ్లు వార్చి, ఇంటి నుంచి సీసాలో తెచ్చిన పోపు, వేయించిన పల్లీలు, ఉప్పు, నిమ్మరసం కలిపితే నిప్పు అంటించకుండానే పులిహోర అటుకులు సిద్ధమవుతాయి. పెరుగు దొరికితే అందులో నానబెట్టినా అంతే రుచి. పొయ్యి ఉన్నవారు చోడి (రాగి) పిండిని ముందుగా చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాతే మరిగే నీళ్లలో పోసి అంబలి కాచుకోవచ్చు. మన్యంలోని ఇళ్లలో రోజూ తాగే ఆహారం అది, చలికి అంతకంటే హితమైనది లేదు.

కట్టెల మంటకు నేను వ్యతిరేకిని. ఇది కేవలం అభిరుచికి సంబంధించిన మాట కాదు. అభయారణ్యంలో దానికి ముప్పు కలిగించేలా నిప్పు రాజేయడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ నిషేధిస్తోంది; రిజర్వు అడవులకు 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టంలోనూ అలాంటి నిబంధనే ఉంది. నల్లమల వంటి ఆకురాల్చే అడవుల్లో ఫిబ్రవరి దాటాక నేల మీద ఎండుటాకులు మందంగా పరుచుకుని ఉంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. చలి మంట వేసుకున్న వాళ్లలో వంటకంటే ఫోటోల మీద ధ్యాస ఎక్కువగా ఉన్నవారినే నేను ఎక్కువగా చూశాను. వాళ్లు లేచి వెళ్లాక ఆ బూడిద మీద నీళ్లు పోసేవారు అరుదు.

గిన్నెలు గెడ్డలో, అంటే కొండవాగులో, కడగడం మరో దురలవాటు. ఆ గెడ్డ కిందనే ఊళ్లుంటాయి, ఆ నీళ్లే అక్కడి వాళ్లు తాగుతారు. గిన్నెలో నీళ్లు ముంచుకుని ఒడ్డుకు దూరంగా కడిగి, ఆ నీళ్లను మట్టిలో పోయడం పెద్ద శ్రమ కాదు. తాగడానికి గెడ్డ నీళ్లే దిక్కయితే, బాగా తెర్లిన తర్వాత మరో నిమిషం పాటు మరగనివ్వాలి. తినడానికి ప్లాస్టిక్ పళ్లేలు అక్కరలేదు, 2022 జూలై 1 నుంచి దేశమంతటా వాటి మీద నిషేధం ఉంది. మన్యం సంతల్లో అడ్డాకుతో కుట్టిన విస్తర్లు దొరుకుతాయి, తెలంగాణ వైపు మోదుగాకు విస్తర్లు ఉన్నాయి. వాటిని కొంటే కొండ శుభ్రంగా ఉంటుంది, అడవిలో ఆకు కోసి కుట్టిన ఆడవాళ్ల చేతికి నాలుగు డబ్బులు వస్తాయి.

ఇంత తాపత్రయం ఎందుకు, అక్కడి వాళ్ల దగ్గర ఇడ్లీలు కొనుక్కుని తింటే వాళ్లకూ మేలు కదా అనే అభ్యంతరం న్యాయమైనదే. కొండ దిగాక తప్పకుండా వాళ్ల దగ్గరే తినాలి, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ పొడిని వాళ్ల ఊళ్లోనే కొనాలి. కాని మేఘాల కోసం చీకటితోనే కొండెక్కిన వారికి, ముఖ్యంగా పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లినవారికి, దిగి వచ్చి దుకాణం చేరేసరికి పొద్దు బాగా ఎక్కుతుంది. ఆ మధ్య వేళకు సంబంధించినదే నా మాటంతా.

అందుచేత రెండు విన్నపాలు. మొదటిది, గుడారాలు అద్దెకిచ్చే నిర్వాహకులకు అనుమతి ఇచ్చేటప్పుడు గుడారాలకు దూరంగా, గాలికి మూడు వైపులా అడ్డుగోడ ఉన్న సిమెంటు వంట దిమ్మెను, ఒక నీళ్ల కుళాయిని, చెత్త డబ్బాను తప్పనిసరి చేయాలని పర్యాటక, అటవీ శాఖల అధికారులను కోరుతున్నాను. ఖర్చు తక్కువ, ఒకసారి కడితే ఏళ్ల తరబడి పనికొస్తుంది. రెండవది మీకే. మీ పర్యాటక పేజీలో ఒక కొండ గురించో లోయ గురించో రాసినప్పుడు, బస్సు వేళలతో పాటు అక్కడ పొయ్యి వెలిగించడానికి అనుమతి ఉందా, ఉంటే ఎక్కడ అన్నది కూడా ఒక వాక్యంలో చేర్చగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అనకాపల్లి.