సిజేరియన్ బాలింతను ఏడో రోజు దాకా ఎవరు చూస్తారు?

సంపాదకులకు నమస్కారం.

కాన్పు తర్వాత ఆశా కార్యకర్త ఇంటికొచ్చి తల్లీబిడ్డలను చూసి వెళ్లే ఏర్పాటు 2011 నుంచి ఉంది. ఆసుపత్రిలో మామూలు కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో, మొత్తం ఆరుసార్లు రావాలి. సిజేరియన్ అయితే మాత్రం మొదటిసారి వచ్చేది ఏడో రోజున. ఆపరేషన్ అయిన తల్లి ఐదారు రోజులు ఆసుపత్రిలోనే ఉంటుందన్న లెక్కతో రాసుకున్న నిబంధన ఇది. ఇప్పుడు మూడో రోజునో నాలుగో రోజునో బిల్లు కట్టించుకుని పంపించేసే ప్రైవేటు ఆసుపత్రులు తక్కువేమీ కాదు. నెలలు నిండి పుట్టిన బిడ్డకు కామెర్లు పెరిగేది 3 నుంచి 5 రోజుల మధ్య. తల్లికి పాలు నిండుగా పడ్డాయో లేదో తేలేదీ అప్పుడే. కాన్పు తర్వాత తల్లి బీపీ ఎక్కువగా పెరిగేది కూడా 3 నుంచి 6 రోజుల మధ్యే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇద్దరినీ చూసే మనిషి ఉండరు.

ఇది నూటికి ఒకరిద్దరి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5 శాతం. అంటే నిబంధనలో మినహాయింపుగా రాసిందే మన దగ్గర మామూలు అయిపోయింది.

పైగా తొలి కాన్పు పుట్టింట్లో చేయడం మన ఆనవాయితీ. గర్భిణిగా పేరు నమోదైంది అత్తగారి ఊరి ఏఎన్ఎం దగ్గర, బాలింతగా మంచం వేసింది అమ్మగారి ఊళ్లో. అమ్మగారి ఊరి ఆశాకు ఈమె సంగతి తెలియదు, అత్తగారి ఊరి ఆశా ఇంటికి వెళితే మనిషి ఉండదు. ఇందులో ఆశాలను తప్పు పట్టలేం.

ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. పుట్టిన రోజున బిడ్డ పొట్ట పట్టేది ఒక విడతకు ఒక చెంచా ముర్రుపాలు, అంతే. రెండో రాత్రి నుంచి బిడ్డ గంటగంటకూ ఏడుస్తూ రొమ్ము వెతుకుతుంది. పాలు ఊరాలంటే అలా చీకాల్సిందే. సిజేరియన్ అయినవారికి పాలు పడడం ఒక రోజు ఆలస్యం కావచ్చు కూడా. కానీ ఆ ఏడుపు వినగానే ‘తల్లికి పాలు పడలేదు’ అని ఇంట్లో పెద్దలు తేల్చేస్తారు, డబ్బా పాలు వచ్చేస్తాయి. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము చీకడం తగ్గిస్తుంది, చీకడం తగ్గితే పాలూ తగ్గుతాయి. నాలుగో రోజుకు పెద్దల మాటే నిజమైనట్టు కనబడుతుంది. చాలాసార్లు అసలు లోపం రొమ్ము పట్టించడంలో ఉంటుంది. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే పాలు రావు, మొన చీరుకుపోతుంది. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి, బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. కుట్ల మీద బరువు పడకుండా పక్కకు ఒత్తిగిల్లి పట్టవచ్చు, లేదా బిడ్డను చంక కింద ఇముడ్చుకుని పట్టవచ్చు. ఇది చూపించడానికి నర్సుకు పావుగంట చాలు.

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపు చెప్పదు, తడిసిన గుడ్డలు చెబుతాయి. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, అలా పెరిగి ఐదారు రోజులకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోవాలి. నల్లటి విరేచనం నాలుగైదు రోజులకు పసుపు రంగుకు మారాలి. జెల్ డైపర్ వేస్తే ఈ లెక్క తెలియదు. మొదటి వారం పాత నూలు గుడ్డలే మేలు. బరువు పది శాతం దాకా తగ్గడం మామూలే, అంటే 3 కిలోల బిడ్డ 2.7 కిలోల కంటే దిగకూడదు. రెండు వారాల్లో పుట్టిన బరువుకు తిరిగి రావాలి. అయితే మనకిచ్చే డిశ్చార్జి కాగితాల్లో పుట్టినప్పటి బరువు ఉంటుంది గానీ ఇంటికి వెళ్లేనాటి బరువు చాలావాటిలో ఉండదు. ఏ లెక్కతో పోల్చుకోవాలి?

కామెర్లను ట్యూబులైటు వెలుగులో చూస్తే పసిగట్టలేం. పగటి వెలుగులో నుదుటి మీద, ఛాతీ మీద, అరికాలి మీద వేలితో నొక్కి వదిలి చూడాలి. అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా, పుట్టిన 24 గంటల్లోపే పచ్చదనం కనిపించినా, బిడ్డ పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పొద్దుటి ఎండలో పెట్టడం చికిత్స కాదు, పసరు అసలే కాదు. కామెర్లు బాగా ముదిరినప్పుడు ఆసుపత్రిలో నీలి లైటు కింద పెట్టడం ఆలస్యమైతే మెదడు దెబ్బతినవచ్చు, వినికిడి పోవచ్చు. తల్లి రక్తం నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే, తర్వాతి కాన్పులో బిడ్డకు ముప్పు రాకుండా తల్లికి వేసే యాంటీ-డి ఇంజెక్షన్ కాన్పైన 72 గంటల్లోపు పడిందో లేదో ఇంటికి బయల్దేరకముందే అడగాలి.

ఇక బాలింత సంగతి. చెవుల్లో దూది పెట్టుకుంటే వచ్చే నష్టమేమీ లేదు. నీళ్లు తాగనివ్వకపోతేనే నష్టం. పప్పు తింటే కుట్లకు చీము పడుతుందని, కూరలు తింటే బిడ్డకు పడదని కారప్పొడి మెతుకులతో సరిపెడితే మలబద్ధకం వస్తుంది, ముక్కినప్పుడల్లా కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. పాలిచ్చే తల్లికి నిజానికి మామూలు కంటే 600 కేలరీలు ఎక్కువ కావాలి. ఐరన్, కాల్షియం మాత్రలు 180 రోజులు వాడాలి, రెండూ ఒకేసారి మింగకూడదు. గంటలోపే ప్యాడ్ తడిసిపోవడం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, రక్తస్రావంలో దుర్వాసన, ఒక పిక్క వాచి నొప్పి పుట్టడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు కమ్మడం - వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. తలనొప్పి, మసకలు బీపీ పెరిగిన గుర్తులు కావచ్చు. కడుపుతో ఉన్నప్పుడు బీపీ లేనివారికీ కాన్పు తర్వాత బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చు. అందుకే ‘నిద్ర లేక తలనొప్పి’ అని తీసిపారేయడం ప్రమాదం.

రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలనూ అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. సిజేరియన్ అయినా మామూలు కాన్పు అయినా, తల్లి ఇంటికి చేరిన 48 గంటల్లోపు ఆశా గానీ ఏఎన్ఎం గానీ బిడ్డను తూచి, తల్లి బీపీ చూడాలన్న నిబంధన పెట్టాలి. ప్రైవేటు ఆసుపత్రులు సహా అందరూ డిశ్చార్జి కాగితం మీద ఆ రోజు బిడ్డ బరువు, కామెర్ల స్థితి, తల్లి బీపీ, పైన చెప్పిన ప్రమాద సూచనలు తెలుగులో రాసివ్వాలి. ఆ కాగితం మీదే ‘ఇప్పుడు ఏ ఊరు వెళుతున్నారు?’ అని ఒక గడి పెట్టి, ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అదే రోజు కబురు పంపాలి. ఇప్పుడు అందులో ఉంటున్నది ఆధార్ కార్డు మీది చిరునామా.

- ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, ఖమ్మం