చిరంజీవి కిరణ్‌కి

మల్కాపురం,
విశాఖపట్నం.

చిరంజీవి కిరణ్‌కి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. రెండు రోజులుగా ముసురు పట్టింది. అమ్మ వడియాలు మేడ మీంచి దింపేసింది. పాప కొడుక్కి పళ్ళొస్తున్నాయి, రాత్రంతా ఏడుపే. నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది. మొన్న సింహాచలం బావ వచ్చి ఒక మాట చెప్పాడు. నువ్వు బీపీ బిళ్ళలు మానేశావట. అడిగితే అదంతా విదేశీ కంపెనీల వ్యాపారం అన్నావట. సరే, ఆ సంగతి తర్వాత.

నువ్వు వింటున్నవి రాజీవ్ దీక్షిత్ ఉపన్యాసాలట కదా. ఆయన గురించి నాకూ తెలుసు. 1967 నవంబరు 30న అలీగఢ్ జిల్లాలో పుట్టాడు. విదేశీ సరుకు మానండి, మన ఊళ్ళో తయారైంది కొనండి అంటూ ఆజాదీ బచావో ఆందోళన్ తరఫున ఊరూరా తిరిగాడు. మారిషస్ దారిన వచ్చే పెట్టుబడులకు పన్ను మినహాయింపు ఎందుకని ఆ సంస్థ కోర్టుకెక్కింది. ఢిల్లీ హైకోర్టులో నెగ్గింది, 2003లో సుప్రీంకోర్టులో ఓడింది. ఓడినా అది అడగాల్సిన ప్రశ్నే. ఆ పట్టుదలను నేను తక్కువ చెయ్యను. కానీ కంపెనీల లెక్కలు చెప్పిన నోటితోనే జబ్బులకు వైద్యమూ చెప్పాడు. నాకు అక్కడే పేచీ. 2010లో, సరిగ్గా పుట్టినరోజు నాడే, భిలాయ్‌లో పోయాడు. గుండెపోటన్నారు. పోస్టుమార్టం జరగలేదు కాబట్టి అనుమానాలు ఇప్పటికీ పోలేదు. నాకు ఆ చర్చ వద్దు. ఆయనకప్పుడు 43 ఏళ్ళు. నీకు 38.

స్వదేశీ అంటే ఏమిటో మన ఇంట్లో ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు. మీ తాత ఇక్కడి సింధియా ఓడల యార్డులో రివెట్లు కొట్టిన మనిషి. 1948లో నెహ్రూగారు అక్కడ కట్టిన జల ఉష ఓడను నీళ్ళలోకి దించిన రోజు గురించి చెప్పడం మొదలెడితే అన్నం చల్లారిపోయేది. పొందూరు పంచె తప్ప కట్టలేదు. నేను మూడో తరగతిలో ఉండగా ఆయనకు నిమోనియా వచ్చింది. ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగిరిపడేవి. డాక్టరు పెన్సిలిన్ రాస్తే, సీమ మందు నాకొద్దని చెయ్యి దుప్పట్లోకి లాక్కున్నాడు. నాయనమ్మ బతిమాలింది, రత్నం పెద్దమ్మ కాళ్ళు పట్టుకుంది. వినలేదు. చివరికి కాంపౌండరు సీసా తెచ్చి కళ్ళ ముందు పెట్టాడు. పుణె దగ్గర పింప్రిలో ప్రభుత్వమే పెట్టిన హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ వారిది. తాత ఆ చీటీ మీది అక్షరాలు వేలు పెట్టి ఒక్కొక్కటీ నాచేత చదివించుకున్నాడు. చదవడం అయ్యాక చెయ్యి చాపాడు. తర్వాత ఆ సీసా కడిగి కర్పూరం పోసుకుని దేవుడి గూట్లో పెట్టుకున్నాడు. రబ్బరు మూత పగిలిపోయే దాకా అది అక్కడే ఉంది.

నీ బిళ్ళల స్ట్రిప్ కూడా వెనక్కి తిప్పి చదువు. 1970 పేటెంట్ల చట్టం వచ్చాక మన దగ్గర మందుకు కాకుండా, దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చేవారు. మనవాళ్ళు వేరే పద్ధతిలో అదే మందు చేసి చవగ్గా అమ్మారు. 2005లో చట్టం మారేలోపు ఎంత పరిశ్రమ లేచింది! హైదరాబాదులోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్ళు సొంత కంపెనీలు పెట్టారు. మన పరవాడ ఫార్మా సిటీకి గాజువాక నుంచి షిఫ్టు బస్సుల్లో ఎంతమంది పిల్లలు వెళ్తున్నారో నువ్వు చూశావు. వాళ్ళు చేసిన మందు మానేసి ఎవరి మీద పోరాడుతున్నావురా? సబ్బు మార్చుకో, కూల్‌డ్రింకులు మానెయ్, నేను సంతోషిస్తాను. బీపీకి మాత్రం నొప్పి ఉండదు, పైకి ఏమీ కనపడదు. బాగానే ఉన్నాను కదా అనుకుంటూ ఉండగానే ఒకరోజు నోరు పక్కకు పోతుంది. బిళ్ళ తగ్గించాలన్నా, మార్చాలన్నా డాక్టరు చెప్పాలి. లెక్చరు అనుకున్నా సరే, ఇది మాత్రం విను.

రాత్రి ఒంటిగంట దాకా ఆ ఫోన్ చూడకు. కోడలు ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తుంది, వంటలో చెయ్యి వెయ్యి.

బావ గురువారం బయల్దేరుతున్నాడు. అతనితో బీపీ మిషను పంపిస్తున్నాను, సెల్లులు వేసే ఉన్నాయి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాకే చూసుకో, కాఫీ తాగిన వెంటనే చూడకు. అంకెలు నాకు వాట్సాప్ చెయ్యి. అమ్మ ఆవకాయ పెట్టిచ్చింది. చిన్న సీసాలోది నీకు, ఉప్పు తగ్గించి కలిపింది. పెద్దది కోడలికి. కలిపెయ్యకు.

ఇట్లు,
మీ నాన్న