కొండ పాదాన ఇల్లు కొనేవాళ్లకు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా పడమటి రాష్ట్రాలకు మారుతున్న తెలుగు కుటుంబాల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన కథనం చదివాను. ఐడహో గురించి రాసినదాంట్లో తప్పు పట్టాల్సిందేమీ లేదు. చేపలు పట్టే నదులు, వేట, మంచుకొండలు, పిల్లలు ఆడుకోవడానికి కావలసినంత చోటు అన్నీ ఉన్నాయి. అయితే ఇక్కడ కొండ పాదాన ఇల్లు కొంటే మనం జింకలు చలికాలం గడిపే చోట్లో కూర్చుంటామన్నది మాత్రం ఆ కథనంలో రాలేదు. మాది మార్కాపురం. ఐడహో రాజధాని బాయ్‌సీ పక్కన ఈగిల్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను కాబట్టి ఆ సంగతి రాస్తున్నాను.

మేం 2016 ఆగస్టులో వచ్చాం. ఇంటి వెనక కంచె, కంచె అవతల ఎండిన గడ్డితో బోసికొండ. అది చూసే ఇల్లు కొన్నాం. ఆ ఏటి చలికాలం గురించి ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. జనవరిలో ఒక పొద్దున తెర తీస్తే పెరట్లో ఏడు జింకలు! మ్యూల్ డీర్ అంటారు, గాడిద చెవుల్లాంటి పెద్ద చెవులుంటాయి వాటికి. పిల్లల సంబరం చెప్పనక్కర్లేదు. క్యారెట్లు విసిరాం, వీడియో తీసి మార్కాపురం పంపాం. తలుపు తీసినా అవి కదల్లేదు. మాకు మచ్చికయ్యాయని మురిసిపోయాం.

పక్కింటి పెద్దాయనకు డెబ్భై దాటాయి, చిన్నప్పటి నుంచీ వేటాడుతున్న మనిషి. నన్ను కంచె దగ్గరికి పిలిచి ఒక జింకను చూపించాడు. తోలు కింద పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. "మచ్చికా పాడా, పరిగెత్తే ఓపిక లేక నిలబడ్డాయి" అన్నాడు. ఆ వెంటే మా వాకిలి మెట్ల పక్కనున్న రెండు పొదల వైపు వేలు పెట్టి, అవి నాటిందెవరని అడిగాడు. ఇల్లు కట్టినవాళ్లు అందం కోసం నాటినవే. జపనీస్ యూ అని దాని పేరు. చలికాలమంతా పచ్చగా ఉంటుంది, ఆకలితో ఉన్న జింక దానికే నోరు పెడుతుంది. కాస్త తింటే చాలు, గుండె ఆగి చచ్చిపోతుంది. సాయంత్రం ఆయనే పార పట్టుకుని వచ్చాడు. గడ్డకట్టిన నేల మీద వేడినీళ్లు పోసి ఇద్దరం రెండు గంటలు తవ్వాం.

అదే నెలలో ఇక్కడికి గంట ప్రయాణంలో ఉన్న పయెట్ పట్టణంలో 50 ప్రాంగ్‌హార్న్‌లు (జింకలాంటి జంతువులు) ఒకేచోట చచ్చి పడి ఉన్నాయి. అవీ ఈ మొక్క తినే పోయాయని చేపలు, వేట జంతువుల బాధ్యత చూసే రాష్ట్ర ఫిష్ అండ్ గేమ్ శాఖ తేల్చింది. ఆ వార్త విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జింకలు మన పెరట్లోకి ఎందుకొస్తాయో తెలుసుకోవాలి. వేసవిలో ఈ జింకలు ఎత్తు కొండల్లో మేస్తాయి. పైన మంచు పేరుకున్నాక మేత అందక కొండ పాదాలకు దిగుతాయి. ఎండ తగిలి మంచు కరిగే దక్షిణపు వాలుల్లో సేజ్, బిట్టర్‌బ్రష్ పొదలు కొరుక్కుంటూ, ఒంట్లో దాచుకున్న కొవ్వుతో మార్చి దాకా ఈడ్చుకొస్తాయి. కుక్క తరిమినా, మనం దగ్గరికి వెళ్లి బెదరగొట్టినా ఆ కొవ్వే ఖర్చవుతుంది. జాలిపడి ఎండుగడ్డి వేసినా ప్రమాదమే. పొదలకు అలవాటు పడిన కడుపు దాన్ని అరిగించుకోలేదు, పొట్ట నిండా గడ్డి ఉండగానే చచ్చిపోతాయి. మనం 'వ్యూ' కోసం ఎక్కువ డబ్బు పెట్టి కొనే స్థలాలు సరిగ్గా ఆ వాలులే.

ఇళ్లు ఆగుతాయా అంటే ఆగవు. 2010 నుంచి 2020 మధ్య ఐడహో జనాభా 17 శాతానికి పైగా పెరిగింది. ఆ పదేళ్లలో యూటా తప్ప మరే రాష్ట్రమూ ఇంత వేగంగా పెరగలేదు. పక్కనున్న మెరీడియన్ 75 వేల నుంచి 1,17,000 దాటింది. ఇక్కడే కొత్త చిప్ ఫ్యాక్టరీకి 1,500 కోట్ల డాలర్లు పెడతామని మైక్రాన్ 2022లో ప్రకటించింది. మనవాళ్లు ఇంకా వస్తారు. రావద్దని నేననను, నేనూ అలా వచ్చినవాణ్ణే.

వేట మాట వినగానే మనకు మొహం ముడుచుకుంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేట అంటే నేరమే. నల్లమల అంచున పెరిగిన నాకూ మొదట్లో ఇబ్బందిగానే ఉండేది. ఇక్కడి పద్ధతి వేరు. 1975 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు శిక్షణ కోర్సు పాసైతేనే లైసెన్సు. స్థానికుల రేటుకు కావాలంటే ఆరు నెలలు ఇక్కడ కాపురం ఉండాలి. జింకకు విడిగా ట్యాగ్ (అనుమతి చీటీ) కొనాలి, తినదగిన మాంసాన్ని పారేస్తే శిక్ష. 1937 నాటి చట్టం ప్రకారం రైఫిళ్లు, తూటాల మీద వసూలు చేసే 11 శాతం పన్ను వన్యప్రాణుల పనులకే వెళ్తుంది. కాబట్టి జింక కోసం చేయి జేబులో పెట్టేవాళ్లలో వేటగాడే ముందుంటాడు. అన్నట్టు, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. స్నేహితుడు రమ్మన్నాడని వెళ్లే ముందు లాయర్‌ను అడగండి.

రాష్ట్రంలో 60 శాతానికి పైగా భూమి ఫెడరల్ ప్రభుత్వానిది. సామాన్యుడు ఎవరినీ బతిమాలకుండా నడిచేది, గుడారం వేసుకునేది, వేటాడేది ఎక్కువగా ఆ నేల మీదే. 2025 జూన్‌లో 11 పడమటి రాష్ట్రాల్లో 20 లక్షల ఎకరాలకు పైగా ఫెడరల్ భూమి అమ్మాలని యూటా సెనేటర్ మైక్ లీ బడ్జెట్ బిల్లులో పెట్టారు. ఇళ్ల కోసమేనన్నారు. వేటగాళ్లు, చేపలు పట్టేవాళ్లు, పర్యావరణవాదులు ఒక్కటై అడ్డుకున్నారు. ఐడహో సెనేటర్లిద్దరూ వద్దన్నారు. నెల తిరక్కుండానే ఆయన వెనక్కి తీసుకున్నారు. ఆ వారాల్లో మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో దాని మాటే లేదు. ఇళ్ల రేట్ల గురించి మాత్రం రోజూ మాట్లాడుకున్నాం. అది నన్ను బాధపెట్టింది.

బాయ్‌సీ జనం 2001లో ఒకసారి, 2015లో ఇంకోసారి, కొండలను కాపాడుకోవడానికి తమ ఆస్తి పన్ను తామే పెంచుకున్నారు, విడతకు కోటి డాలర్ల చొప్పున. ఊరి హద్దుకు ఇవతల ఉన్న మాలాంటివాళ్లం ఆ పన్ను కట్టకుండానే ఆ దారుల్లో నడుస్తున్నాం. మనలో చాలామందికి ఇంకా ఓటు లేదు, నిజమే. గ్రీన్‌కార్డు ఎప్పటికొస్తుందో తెలియదు. కానీ కొత్త లేఅవుట్ వచ్చినప్పుడు ఊరి కౌన్సిల్ పెట్టే బహిరంగ విచారణలో మాట్లాడటానికి ఓటుతో పనిలేదు. నేను రెండుసార్లు వెళ్లి మూడేసి నిమిషాలు మాట్లాడాను. రెండోసారి జింకలు దిగే లోయను ఖాళీగా వదలాలన్న షరతు పెట్టారు. ఇల్లు కొనేముందు ఆ స్థలం జింకల చలికాలపు మేతనేలలో పడుతుందేమో ఫిష్ అండ్ గేమ్ వాళ్లను అడగండి. పడుతుందంటే ఇంకో వీధి చూసుకోండి. ఇప్పటికే కొనేసి ఉంటే చలికాలంలో కుక్కను వదలకండి, మేత వేయకండి.

వీలైతే ఈ లేఖతోపాటు యూ మొక్క ఫొటో కూడా వేయండి. ముదురాకుపచ్చ రంగులో చదునైన మెత్తటి సూది ఆకులు, ఆకు అడుగున లేత పచ్చ. శరత్కాలంలో ఎర్రటి పండు, దాని కొసన చిన్న గుంట, గుంటలో గింజ. పీకేశాక కొమ్మల్ని పెరట్లో పడేయవద్దు, ఎండినా విషం పోదు. సంచిలో గట్టిగా కట్టి చెత్తబండికి వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఈగిల్, ఐడహో